మీ పేజీ గూగుల్‌కి తెలుసా?

2010 డిసెంబరులో గూగుల్ ఇంజినీర్లు ఒక చిలిపి పని చేశారు. ఏ భాషలోనూ లేని, ఎవరూ టైపు చేసే అవకాశమే లేని గజిబిజి మాటలు వంద దాకా తయారు చేశారు. అందులో ఒకటి ‘హెచ్ ఐ వై బి బి పి ఆర్ క్యు ఎ జి’. నోరు తిరగదు, అర్థం అసలే లేదు. దాన్ని తమ సెర్చ్‌లో వెతికితే లాస్ ఏంజెలస్‌లోని ఒక థియేటర్ సీట్ల పటం మొదటి ఫలితంగా వచ్చేట్టు చేత్తో అమర్చారు. ఆ మాటకీ ఆ పేజీకీ ఏ చుట్టరికమూ లేదు. తర్వాత ఇరవైమంది ఇంజినీర్లకు కొత్త లాప్‌టాప్‌లు ఇచ్చి, మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌లో ఆ కంపెనీ సెర్చ్ ఇంజన్ బింగ్ టూల్‌బార్ పెట్టించి, ఇంటి దగ్గర కూచుని ఆ మాటలు గూగుల్‌లో వెతికి మొదటి ఫలితం మీద నొక్కమన్నారు. కొద్ది వారాలు గడిచేసరికి వంద మాటల్లో ఏడు నుంచి తొమ్మిదింటికి బింగ్‌లోనూ అవే ఫలితాలు రావడం మొదలైంది.

2011 ఫిబ్రవరి 1న ఈ సంగతి బయటికొచ్చి రెండు కంపెనీల మధ్య పెద్ద రగడే అయింది. మా ఫలితాలు కాపీ కొడుతున్నారని గూగుల్ అంది. మా వాడకందార్లు ఒప్పుకుని ఇచ్చిన క్లిక్కుల సమాచారం మేం లెక్కలోకి తీసుకునే వెయ్యికి పైగా సంకేతాల్లో ఒకటి మాత్రమేనని మైక్రోసాఫ్ట్ అంది. తప్పెవరిదన్న పంచాయితీ అటుంచితే, నాకు ఆ పరీక్ష పద్ధతి నచ్చింది. సెర్చ్ ఇంజన్ లోపల ఏముందో బయటివాళ్లకు కనిపించదు. తలుపు తీసి చూడనివ్వరు. అక్కడికి మరో దారిలో చేరే వీల్లేని వస్తువును ఒకదాన్ని వదిలి, అది ఎక్కడ తేలుతుందో కనిపెట్టుకుని ఉండటమే మనకున్న ఉపాయం. ఒక పేజీ సెర్చ్ ఇంజన్‌కు ఎక్కిందో లేదో తెలుసుకునే పరీక్షలన్నీ దాదాపు ఈ బాపతువే.

‘నేను రాసింది గూగుల్‌లో రావడం లేదు’ అనే మాట తరచూ వింటుంటాం. రాసినవాళ్లకు అది ఒకే ఫిర్యాదు. యంత్రం వైపు నుంచి చూస్తే మూడు వేరువేరు సంగతులు. అది ఆ పేజీ దాకా అసలు రాకపోయి ఉండొచ్చు. వచ్చి చదివి, దాచుకోదగ్గది కాదని వదిలేసి ఉండొచ్చు. దాచుకుని కూడా మీరు వెతికిన మాటకు దాన్ని బయటికి తీయకపోయి ఉండొచ్చు. ఒక పేజీని చదువుతామని గానీ, భద్రపరుస్తామని గానీ, చూపిస్తామని గానీ హామీ ఏమీ ఇవ్వమని గూగుల్ తన పత్రాల్లో ముందే రాసి పెట్టుకుంది. రోగం ఎక్కడుందో తెలియకుండా మందు వేస్తే గుణం కనిపించదు. చాలామంది చేసేది అదే.

గూగుల్‌లో ఒక మాట కొట్టగానే అది ఇంటర్నెట్టంతా గాలించి వస్తుందనుకుంటాం. అలా గాలిస్తే ఒక్క జవాబుకే రోజులు పడుతుంది. అది వెతికేది ముందే తయారు చేసి పెట్టుకున్న సూచికలో, అంటే ఇండెక్స్‌లో. ఈ ఆలోచన కంప్యూటర్లకన్నా చాలా పాతది. 13వ శతాబ్దంలో పారిస్‌లో హ్యూగ్ ఆఫ్ సెయింట్ షేర్ అనే మతాచార్యుడి ఆధ్వర్యంలో డొమినికన్ సన్యాసులు లాటిన్ బైబిల్లోని మాటలన్నీ ఏరి, ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో పట్టిక కట్టారు. పుస్తకంలో పేజీ తర్వాత పేజీ, పేజీలో మాటలు ఉంటాయి. పట్టికలో మాట ముందుంటుంది, దాని పక్కన పేజీలుంటాయి. వరస తిరగబడింది కాబట్టే దీన్ని తిరగేసిన సూచిక అంటారు. ‘చింతచిగురు’ అన్న మాట ఎదురుగా 17, 402, 9311 అని పేజీల నంబర్లు, ‘రొయ్యలు’ ఎదురుగా 88, 402, 5120 అని ఉన్నాయనుకోండి. ‘చింతచిగురు రొయ్యలు’ అని మీరు కొట్టగానే యంత్రం రెండు వరసలూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్న 402ను పట్టుకుంటుంది. పేజీ నంబరుతో పాటు ఆ మాట పేజీలో ఎన్నోదో కూడా రాసి ఉంటుంది. కొటేషన్ గుర్తుల మధ్య వాక్యం పెట్టి వెతికితే అచ్చం అదే వరసలో ఉన్న పేజీ రాగలగడం ఈ స్థాన సంఖ్యల పుణ్యమే.

1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ చేసిన ‘ఆర్చీ’ ఫైళ్ల పేర్లకు మాత్రమే సూచిక కట్టేది. పేజీలోని మాటలన్నిటికీ సూచిక కట్టిన ‘వెబ్‌క్రాలర్’ 1994లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. గూగుల్ మొదటి సూచికలో, 1998లో, 2.6 కోట్ల పేజీలుండేవి. 2008 నాటికి తమ కంటపడిన వేరువేరు చిరునామాలు లక్ష కోట్లు దాటాయని ఆ సంస్థే చెప్పింది. కంటపడినవన్నీ దాచుకోదు. ఇప్పటికీ దాని సూచికలో ఉన్నది పదుల వేల కోట్ల పేజీలే. కంటపడ్డ లెక్కకీ, దాచుకున్న లెక్కకీ మధ్య ఇంత తేడా ఉందంటే, పక్కన పెట్టేయడం ఈ యంత్రానికి నిత్యకృత్యమన్నమాట.

పేజీల్ని తెచ్చే పని క్రాలర్ది. గూగుల్‌కు గూగుల్‌బాట్, బింగ్‌కు బింగ్‌బాట్. ఒక పేజీ తెరిచి, అందులో ఉన్న లింకులన్నీ రాసుకుని, వాటిని తెరిచి, మళ్లీ వాటిలోని లింకులు రాసుకుంటూ పోతుంది. లింకో, సైటువాళ్లు ఇచ్చే చిరునామాల పట్టిక అయిన సైట్‌మ్యాపో లేని చోటికి దానికి దారి లేదు. అది ఫారాలు నింపదు, బటన్లు నొక్కదు, మనలా స్క్రోల్ చేస్తూ కూర్చోదు, పాస్‌వర్డ్ ఇవ్వదు. పదో తరగతి ఫలితాల సైటులో హాల్‌టికెట్ నంబరు కొడితేనే మార్కులు వస్తాయి. భూమి రికార్డుల సైటు మీభూమిలో సర్వే నంబరు, తెర మీది కోడ్ కొడితేనే అడంగల్ వస్తుంది. ఇవన్నీ సెర్చ్ ఇంజన్‌కు మూసిన గదులు. వాటిని మూసి ఉంచడమే మంచిది కూడా.

ఇక పరీక్షల సంగతి. అందరికీ తెలిసిన మొదటి పరీక్ష: సెర్చ్ పెట్టెలో ఇంగ్లిషులో ‘సైట్’ అని రాసి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సైటు చిరునామా ఇవ్వడం. అప్పుడు ఆ సైటు పేజీలే వస్తాయి. చిరునామా తర్వాత ఒక మాట చేరిస్తే ఆ మాట ఉన్నవే వస్తాయి. పనికొచ్చే పరికరమే కానీ దీన్ని నమ్మాల్సిన దానికన్నా ఎక్కువ నమ్ముతున్నారు. సూచికలో ఉన్న చిరునామాలన్నీ ఈ ఆదేశం చూపించాలనే నియమం లేదని గూగులే చెబుతుంది. దానితో కనిపించే ‘సుమారు ఇన్ని ఫలితాలు’ అన్న అంకె అంచనా మాత్రమే. నిన్న 4,000 ఉన్నది ఇవాళ 2,500 అయితే మీ పేజీలు పోయాయని గుండెలు బాదుకోనక్కర్లేదు. పేజీ కనిపిస్తే ఉన్నట్టే. కనిపించకపోతే లేదని తేల్చడానికి మాత్రం వీల్లేదు.

అంతకన్నా గట్టి పరీక్ష, నా దృష్టిలో, వాక్యం పరీక్ష. పేజీ నడిమధ్య నుంచి ఒక వాక్యం తీసుకోండి. ఏడెనిమిది మాటలు చాలు. గూగుల్ 32 మాటలు దాటితే మిగతావి పట్టించుకోదు. ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. శీర్షికతో వెతకొద్దు, ఎందుకంటే ఆ శీర్షికను తిరిగి వేసుకున్నవాళ్లు, లింకు ఇచ్చినవాళ్లు అందరూ ముందుకొచ్చి నిలబడతారు. ‘అందరికీ నమస్కారం’ లాంటి వాక్యమూ పనికిరాదు. మీరు తప్ప మరొకరు రాయరనిపించే వాక్యం కావాలి. ఒక ఊరి పేరు, ఒక వంట పేరు, ఒక సంవత్సరం కలిసి వచ్చిన వాక్యమైతే మేలు. పేజీ వచ్చిందంటే అనుమానం లేదు, మీ మాటలు సూచికలో ఉన్నాయి. మీ వాక్యమే మరొకరి సైటు పేరుతో వచ్చిందంటే కథ వేరు. ఒకే పాఠం రెండు మూడు చోట్ల ఉంటే యంత్రం సాధారణంగా ఒకదాన్నే అసలుగా ఎంచుకుని చూపిస్తుంది. అది ఎంచుకున్నది మీది కాదన్నమాట. దీని మీద వచ్చే కోపం న్యాయమైనదే.

సైటు మీదే అయితే ఊహించాల్సిన అవసరం లేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు మీదని రుజువు చేసుకుని, పేజీ చిరునామా ఇస్తే దాని జాతకం చెబుతుంది. అందులో రెండు రకాల జవాబుల మధ్య తేడా గమనించాలి. ‘చిరునామా తెలిసింది, ఇంకా సూచికలో చేర్చలేదు’ అంటే గుమ్మం దాకా కూడా రాలేదు. ‘చదివాం, ఇంకా చేర్చలేదు’ అంటే వచ్చి, చూసి, వెళ్లిపోయింది. మొదటిదానికి లింకులు, సైట్‌మ్యాప్ లాంటివి సాయపడతాయి. రెండోదానికి సాయపడవు. అక్కడ పేజీలో ఏముందన్నదే ప్రశ్న. ఇంతకుముందు ఎవరైనా చూసుకోగలిగిన ఒక తేలిక దారి ఉండేది. గూగుల్ తాను దాచుకున్న పేజీ నకలును ఫలితం పక్కనే చూపించేది, ఏ తేదీన చదివిందో కూడా అందులో ఉండేది. 2024 మొదట్లో దాన్ని తీసేశారు. బయటివాళ్ల చేతిలో ఉన్న మంచి పరికరం ఒకటి అలా పోయింది.

సర్వర్ లాగ్ చూడగలిగినవాళ్లకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. ఎవరు ఎప్పుడు ఏ పేజీ అడిగారో అందులో వరసగా నమోదై ఉంటుంది. ‘నేను గూగుల్‌బాట్‌ని’ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు, ఆ పేరు ఎవరైనా తగిలించుకోవచ్చు. వచ్చిన ఐపీ నంబరు ఏ పేరుకు చెందిందో వెనక్కి అడగాలి. గూగుల్ పేరు వస్తే, ఆ పేరుకు ఏ నంబరు ఉందో మళ్లీ ముందుకు అడగాలి. రెండూ కలిస్తేనే అసలు మనిషి. మన ఊళ్లో కరెంటు మీటరు చూస్తానంటూ వచ్చినవాణ్ని ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నట్టే.

ఒక పేజీ సంగతి ఇలా తేలుతుంది. మరి సెర్చ్ ఇంజన్లు మొత్తం వెబ్‌లో ఎంత భాగాన్ని పట్టుకున్నాయి? దీనికి 1998లో స్టీవ్ లారెన్స్, లీ గైల్స్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టారు. చెరువులో చేపల్ని లెక్కించే జీవశాస్త్రజ్ఞుల లెక్క ఇక్కడ పనికొచ్చింది. వంద చేపలు పట్టి గుర్తు పెట్టి వదులుతారు. మళ్లీ వంద పడితే అందులో పదింటికి గుర్తుంటే చెరువులో సుమారు వెయ్యి ఉన్నట్టు. వీళ్ల చేతిలో ఉన్న రెండు వలలు రెండు సెర్చ్ ఇంజన్లు. ఒకదానిలో పడ్డ పేజీల్లో రెండోదానిలో ఎన్ని ఉన్నాయో చూసి, వెబ్‌లో కనీసం 32 కోట్ల పేజీలున్నాయని, అన్నిటికన్నా మెరుగైన ఇంజన్ కూడా మూడో వంతుకు మించి పట్టలేదని తేల్చారు. మరుసటి ఏడు మళ్లీ చేస్తే వెబ్ 80 కోట్లకు పెరిగింది, ఏ ఒక్క ఇంజనూ 16 శాతం దాటలేదు. వెబ్ పెరిగినంత వేగంగా వలలు పెరగలేదన్నమాట.

దొరకడం లేదని బాధపడేవాళ్ల మాట ఇంతసేపూ చెప్పుకున్నాం. దొరకకూడనిది దొరికినవాళ్ల బాధ ఇంకా పెద్దది. 2020 ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూపుల ఆహ్వాన లింకులు గూగుల్‌లో దొరుకుతున్నాయని ఒక విలేకరి బయటపెట్టాడు. పైన చెప్పిన ‘సైట్’ పరీక్షే చేస్తే దాదాపు 4.7 లక్షల ఫలితాలు వచ్చాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ లింకు నొక్కి గ్రూపులో చేరి సభ్యుల ఫోన్ నంబర్లు చూడగలిగే పరిస్థితి. ఆ లింకుల్ని ఎవరో ఎక్కడో బహిరంగ పేజీల మీద అతికించారు, క్రాలర్ తన పని తాను చేసుకుపోయింది. ఆ ఏడు మార్చి నుంచి అలాంటి పేజీలన్నిటికీ సూచికలో చేర్చొద్దని చెప్పే ‘నోఇండెక్స్’ గుర్తు పెట్టామని వాట్సాప్ తర్వాత చెప్పుకుంది. 2025 జులై చివర్లో ఇదే కథ చాట్‌జీపీటీకి జరిగింది. సెర్చ్‌లో కనిపించవచ్చునన్న గడిలో టిక్కు పెట్టి పంచుకున్న సంభాషణలు వేల సంఖ్యలో గూగుల్‌లో తేలాయి. టిక్కు పెట్టినవాళ్లలో చాలామందికి దాని అర్థం తెలియలేదని గ్రహించి ఓపెన్ఏఐ ఆ సౌకర్యాన్నే ఎత్తేసింది.

పేజీని దాచాలనుకునేవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. సైటు గుమ్మం దగ్గర ‘రోబోట్స్’ అనే చిన్న ఫైలు పెట్టి, ఫలానా పేజీలు చదవొద్దని క్రాలర్లకు చెప్పవచ్చు. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన మర్యాద ఇది. 2022లో గానీ అధికారిక ప్రమాణం కాలేదు. చదవొద్దని చెప్పడం వేరు, సూచికలో పెట్టొద్దని చెప్పడం వేరు. రెండోది చెప్పడానికే నోఇండెక్స్, అది పేజీ లోపలే ఉంటుంది. జాగ్రత్తపరులు రెండూ పెడతారు. దాంతో క్రాలర్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, లోపల రాసి ఉన్న ‘నన్ను చేర్చకు’ అన్న మాటను చదవనే చదవదు. వేరే సైటులో ఆ పేజీకి లింకు కనిపిస్తే వివరం లేని ఒట్టి చిరునామాను ఫలితాల్లో పెట్టేస్తుంది. తాళం రెండుసార్లు వేశామనుకుంటే తలుపు తెరుచుకుందన్నమాట. దాచదలిస్తే లోపలికి రానిచ్చి నోఇండెక్స్ చూపించాలి, లేదా పాస్‌వర్డ్ పెట్టాలి. సెర్చ్ కన్సోల్‌లోని తొలగింపు కోరిక ఆరు నెలల పాటే పనిచేస్తుంది. ఇంకో మాట, ఈ రోబోట్స్ ఫైలు కేవలం మర్యాద. మర్యాద లేని క్రాలర్ని అది ఆపలేదు.

తెలుగు దగ్గరికొస్తే వచ్చిందా, దాచుకుందా, చూపించిందా అన్న మూడు ప్రశ్నలకు నాలుగోది కలుస్తుంది: యంత్రం చదివినది తెలుగేనా?

1990ల చివర, 2000ల మొదట్లో మన పత్రికల వెబ్‌సైట్లు తెలుగు తెర మీద చూపించడానికి ఎవరి ఫాంటు వాళ్లు తయారు చేసుకున్నారు. అప్పటికే 1991లో యూనికోడ్ తెలుగుకు 128 గళ్ల స్థలం ఇచ్చింది కానీ, దాన్ని తెర మీద సరిగ్గా చూపే ఏర్పాటు మామూలు కంప్యూటర్లలో లేదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది 2001లో. అంతదాకా చేసిన పని ఏమిటంటే, ఇంగ్లిషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టడం. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, మరో గడిలో వత్తు. మనిషి కళ్లకు చక్కటి తెలుగు. క్రాలర్‌కు కళ్లు లేవు, అది చదివేది గడి నంబర్లు. దానికి కనిపించింది ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగం. అలాంటి పేజీని ‘సైట్’ పరీక్షతో వెతికితే ఉందనే వస్తుంది. సూచికలో భేషుగ్గా ఉంది. ‘గోదావరి’ అని తెలుగులో కొడితే మాత్రం జన్మలో రాదు. అప్పటి మన వార్తలు, సంపాదకీయాలు, కథలు ఎన్నో ఈ గతిన ఉండీ లేనట్టయ్యాయి. ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్ ఇలాంటి పేజీల్ని చూస్తుండగానే యూనికోడ్‌కు మార్చి చూపేది. గొప్ప పని. దాని ఫలితం మాత్రం చదివేవాళ్ల తెర మీదే ఉండిపోయేది, సూచికలోకి వెళ్లేది కాదు. పైగా అలాంటి పనిముట్లకు ఆయుష్షు తక్కువ. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్-ఆన్‌లను మొత్తంగా ఆపేసింది.

యూనికోడ్ వచ్చాక కష్టాలన్నీ తీరాయని కాదు. ‘తెలుగు’ అన్న మాట మనకు మూడక్షరాలు, యంత్రానికి ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. ‘సాఫ్ట్‌వేర్’ అని ట కింద వ దిగకుండా రాయాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతం పెట్టాలి. అది పెట్టకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మనకు రెండూ ఒకటే, గుడ్డిగా పోల్చే యంత్రానికి రెండు వేరు మాటలు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం కింద పొడవు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు. వీటిని ఒకే రూపానికి తెచ్చాకే పోల్చాలని యూనికోడ్ నియమం పెట్టింది. పెద్ద సెర్చ్ ఇంజన్లు ఇలాంటివి చాలావరకు సర్దుకుంటాయి. సొంతంగా సెర్చ్ పెట్టుకున్న చిన్న సైట్లలో, లైబ్రరీ కేటలాగుల్లో ఇవి ఇప్పటికీ ముల్లులా తగులుతాయి. విభక్తుల గొడవ సరేసరి. గోదావరిలో, గోదావరికి, గోదావరిని అన్నవన్నీ ఒకే నది గురించని యంత్రానికి ఒకరు నేర్పాలి. అందుకే తెలుగులో వాక్యం పరీక్ష చేసేటప్పుడు చేత్తో మళ్లీ టైపు చేయకుండా పేజీలోంచే కాపీ చేసుకోవడం క్షేమం.

గత పదిహేనేళ్లలో తెలుగువాళ్ల రాతకోతలు చాలావరకు ఫేస్‌బుక్ గ్రూపుల్లోకి, వాట్సాప్‌లోకి వెళ్లిపోయాయి. ప్రైవేటు గ్రూపులో పెట్టిన కథ మీద జరిగిన మంచి చర్చ ఏ క్రాలర్‌కూ అందదు. అందకూడదని పెట్టినవైతే సరే. పదిమందీ చదవాలని రాసింది కూడా అక్కడే మగ్గుతోంది. 1998లో మొదలైన ఈమాట వంటి వెబ్ పత్రికలు యూనికోడ్‌కు మారి, లాగిన్ అడక్కుండా తెరిచి ఉండబట్టే వాటి పాత రచనలు ఇవాళ్టికీ వెతికితే చేతికొస్తున్నాయి.

అన్నిటికన్నా నాకు దిగులు పుట్టించేది పీడీఎఫ్‌ల సంగతి. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలకు, సావనీర్లకు, సంచికలకు లెక్కలేదు. వాటి పీడీఎఫ్‌లు నెట్‌లో పెట్టి, అందరికీ అందుబాటులో ఉన్నాయని సంతోషిస్తున్నాం. వాటి లోపల ఉన్నది పాత పత్రికల సైట్లలో ఉన్న గందరగోళమే. స్కాన్ చేసిన పుస్తకాలైతే ఒట్టి ఫొటోలు. బొమ్మలోంచి అక్షరాలు ఏరే ఓసీఆర్ తెలుగుకు బాగానే మెరుగైంది కానీ, అది మనకోసం ఎవరో చేసిపెడతారని కూర్చుంటే కుదరదు.

మీ దగ్గరో, మీ సాహితీ సంఘం దగ్గరో, మీ ఊరి గ్రంథాలయం దగ్గరో ఇలాంటి పీడీఎఫ్ ఉంటే ఒకటి తెరవండి. ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే నిశ్చింత. ఇంగ్లిషు చెత్త వస్తే సెర్చ్ ఇంజన్‌కు కనిపిస్తున్నదీ అదే. ఏమీ అతకకపోతే అది ఫొటో. పేజీలు కూర్చిన డీటీపీవాళ్ల దగ్గర అసలు ఫైళ్లు ఇంకా ఉన్నాయేమో అడగండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇవాళ ఉన్నాయి, ఆ ఫైళ్లు తెరవగలిగే పాత కంప్యూటర్లూ అక్కడక్కడా ఇంకా పనిచేస్తున్నాయి. మార్చిన పాఠాన్ని ఒకసారి చదివి సరిచేసి, పీడీఎఫ్ పక్కనే మామూలు పేజీగా పెట్టండి. నెల తర్వాత అందులోంచి ఒక వాక్యం కొటేషన్లలో పెట్టి వెతకండి.